కుండీలో సిలువ

వాకాడు దాటాక సముద్రపు ఒడ్డున ఉన్న సరుగుడు తోపు నుంచి నా తోటికోడలూ నేనూ ఒకే రోజు చెరొక మొక్క తెచ్చుకుని, కుండీల్లో బోన్సాయ్‌లుగా పెంచాం.

నేను ప్రార్థన చేసుకుని నా చెట్టును సిలువ ఆకారంలో తీర్చాను. నిటారు మాను, ఒకే ఎత్తులో అటొక కొమ్మ, ఇటొక కొమ్మ. తీగ చుట్టి రెండింటినీ సమంగా చాపాను. ఎడమ వైపు ఆకు ఎంత ఒత్తుగా ఉంటే కుడి వైపూ అంతే ఉంచాను. కోతపండుగనాడు మా గుడిలో ప్రసంగ పీఠం పక్కన బల్ల మీద వరికంకులు, గుమ్మడికాయలతో పాటు ఒక చెట్టు పెడతారు. ఆ చోటు నాదేననుకున్నాను.

సంఘపెద్ద నా తోటికోడలి చెట్టును బల్ల మీద పెట్టారు. నాది డ్రమ్ముల పక్కకు పోయింది.

"ఏమనుకోబాక అక్కా. నీది కరెంటు స్తంభం మాదిరి ఉండాది," అంది తోటికోడలు.

"అది సిలువ."

"సిలువైతే సరే. చెట్టు యాడ?"

ప్రసంగమంతా ఆమె చెట్టునే చూస్తూ కూర్చున్నాను. ఎడమన కిందుగా పొడవాటి కొమ్మ, కుడివైపు దానికన్నా పైన పొట్టి కొమ్మ, పల్చటి ఆకు, నడుమ బోలెడు ఖాళీ. ఒక పక్కకే బరువున్నా ఒరిగిపోతున్నట్టు లేదు. అసూయ పడకూడదని సండే స్కూల్లో పిల్లలకు నేర్పేదాన్ని నేనే. ఆ చెట్టును దీవించమని దేవుణ్ణి అడగబోతే నోరు రాలేదు.

సిలువకు ఒక చెయ్యి నరకడం పాపమనిపించి చాలా నెలలు ఆగాను. చివరికి కళ్లు మూసుకుని ప్రార్థించి, కుడి కొమ్మ తీసేశాను. దానికి పైన ఎప్పుడూ గిల్లేస్తూ వచ్చిన చిగురును పెరగనిచ్చాను. ఎడమన ఆకు పల్చన చేశాను. చెట్టుకు ప్రాణం వచ్చింది.

ఈ ఏడు పండుగకు సంఘపెద్ద నా కుండీనే ఎత్తి బల్ల మీద పెట్టారు. తోటికోడలి ముఖం ఎప్పుడు వాడుతుందా అని చూశాను. ఆయన మైకు అందుకున్నారు.

"ఈసారి కూడా ఇంత చక్కని చెట్టు తెచ్చిన మా చెల్లెమ్మకు వందనాలు," అని ఆమె వైపు చెయ్యి చూపారు.

ఆమె లేచి నిలబడింది. "అది నాది కాదయ్యా. మా అక్కది. నా దాన్ని చూసి నేర్చుకునింది."

ఆమె నిజాయితీకి సంఘమంతా ఆమేన్ అంది. నేనూ అన్నాను, కాస్త ఆలస్యంగా.