సన్యాసిరావు సార్ ఆడని అబద్ధం

బస్తర్‌లోని మా బీజాపూర్ సంతలో ఎవరైనా ఎండుమిరప బస్తా మూతి విప్పితే, ఆ ఘాటుకు అందరికీ దగ్గొస్తుంది, నాకు కోపమొస్తుంది. మొన్న అమ్మే ఆమె భయపడి, "ఏంది మేడం, అట్ల చూస్తున్నరు? సరుకు మంచిదే" అంది. సరుకు మీద కాదు నా కోపం. సన్యాసిరావు సార్ మీద. నాకు పోలీసు పని నేర్పింది ఆయనే. ఆ పనిని ఇంత కష్టం చేసిపెట్టిందీ ఆయనే.

ఆయన తండ్రి విజయనగరం వైపు నుంచి కిరందూల్ లైనులో రైల్వే పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. సార్ పుట్టి పెరిగిందంతా బస్తర్‌లోనే అయినా, ఇంట్లో మాట్లాడే "ఏటి" ఆయన నోటినుంచి పోలేదు. నేను ఆవపల్లి దగ్గర రైతు కూతురిని. కొత్తగా కానిస్టేబులునై వెళ్లిన ఠాణాకు ఆయన ఇన్‌చార్జి. తెలుగు, హిందీ, గోండీ, దోర్లీ వచ్చని నన్ను దుబాసీగా పక్కన కూర్చోబెట్టుకునేవారు. ఒకసారి ఎద్దు పోయిన ముసలాయన గోండీలో సార్‌ను, సార్ మీసాన్ని, సర్కారునూ కలిపి కడిగేశాడు. నేను మర్యాదగా "కోపంగా ఉన్నాడు సార్" అన్నాను.

"అంత పొడుగు మాట ఇంత పొట్టిగా ఎలాగైందమ్మా?"

"తిట్లు సార్. మీకెందుకు?"

"ఆయన తిట్టింది నన్ను. నాకు చేరకుండా నువ్వెందుకు దాచుకుంటావు? చెప్పు."

మీసంతో సహా అంతా చెప్పాల్సి వచ్చింది. ఆయన శ్రద్ధగా విని ఎద్దును వెతకడానికి బయలుదేరారు. సిగ్గుతో చచ్చింది నేను.

ఇలాంటివి నవ్వుకోవచ్చు. సోమి సంగతి అలా కాదు. సోమి మా ఠాణా కింది ఊళ్లో ముత్తమ్మ అనే ఆమె కూతురు, ఇంకా బడి వయసు పిల్ల. మిరప కోతల కాలంలో, ఇంట్లో చెప్పకుండా కూలికి తీసుకుపోయాడని ఒక కూలీల మేస్త్రీ మీద ముత్తమ్మ ఫిర్యాదు ఇచ్చింది. మేస్త్రీని పట్టుకొచ్చాం. పిల్లను తెలంగాణలో ఏ చేను దగ్గర దించాడో వాడికి తెలుసు. చెప్పడానికి బేరం పెట్టాడు.

"చెప్తే వదిలేస్తరా సారూ?"

అందరం సార్ వైపు చూశాం. వదిలేస్తానంటే సరిపోయేది. పిల్ల దొరికాక కేసు పెట్టుకోవచ్చు. సార్ నింపాదిగా, "వదలను. కేసు పెడతాను. నువ్వు చెప్పిన సంగతి మాత్రం కోర్టుకి చెబుతాను" అన్నారు. వాడు నోరు మూసుకున్నాడు. కొట్టడమన్నది ఆయన ఠాణాలో ఎలాగూ లేదు.

నేను ఆయన వెనకే బయటికి నడిచాను. "సార్, ఒక్క అబద్ధం. వాడు దొంగ వెధవ."

"వాడు దొంగే. నేనేటి మరి?"

"పిల్ల కోసం సార్!"

"ఈ పిల్ల కోసం నేనాడితే, రేపు ఇంకో పోలీసుకి ఇంకో మంచి కారణం దొరుకుతాది. కారణం దొరకనివాడు ఎవడమ్మా?"

వరండాలో ముత్తమ్మ లేచి వచ్చి, "నా బిడ్డ బతికుందా?" అని అడిగింది. ఉందమ్మా అని ఎవరైనా అంటారు. ఈయన, "తెలీదు. వెతుకుతాను" అన్నారు. ఆమె అక్కడే కూలబడింది. నాకు ఆ క్షణాన ఆయన్ని పట్టుకుని కుదిపేయాలనిపించింది.

వెతికారు, కాదనను. అక్కడి పోలీసులను వెంటబెట్టుకుని, నన్ను జీపులో వేసుకుని, మిరప కళ్లాలన్నీ తిరిగారు. దుమ్ములో, ఘాటులో, కనిపించిన ప్రతి కూలీనీ అడిగారు. పిల్ల దొరికేసరికి రేకుల షెడ్డులో జ్వరంతో ఒళ్లు తెలియకుండా పడుంది. వేళ్లు మిరప మంటకు పొక్కిపోయాయి. ఆసుపత్రిలో చాలాకాలం ఉండి బతికింది.

బిడ్డను ఇంటికి తీసుకుపోయే రోజున ముత్తమ్మ సార్ ముందు నిలబడింది. ఠాణాలో ఎవరో ఆమెకు సంగతంతా చెప్పేశారు. "నువ్వు ఒక్క మాటంటే నా బిడ్డ ముందే దొరికేదంట కద సారూ?"

"దొరికేదేమోనమ్మా" అన్నారు ఆయన.

ఆమె దండం పెట్టలేదు, తిట్టలేదు. బిడ్డ భుజం పట్టుకుని వెళ్లిపోయింది. ఆ పూట సార్ అన్నం క్యారేజీ విప్పలేదు. ఉండబట్టలేక అడిగాను: "బాధగా లేదా సార్?"

"ఎందుకు లేదమ్మా? ఆ పిల్ల చేతులు చూశాను కదా."

"అయితే తప్పు చేశామనిపించడం లేదా?"

"బాధ వేరు, తప్పు వేరు. రెండూ ఒకటైతే మన పని సులువైపోయేది" అన్నారు. పైఅధికారులు ఆలస్యానికి సంజాయిషీ అడిగితే, మేస్త్రీ సహకరించలేదని ఊరుకోవచ్చు. ఆయన మాత్రం అబద్ధపు మాట ఇవ్వనన్నది తానేనని, ఆ నిర్ణయంలో సిబ్బందికి పాత్ర లేదని చెప్పారు. బదిలీ అయింది. జీపెక్కుతూ నాకు ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. అదీ నాకు కోపమే.

ఆయన చేసింది ఒప్పని ఈరోజుకీ నేను గట్టిగా అనలేను. సోమి చేతులు నేనూ చూశాను. కానీ ఇప్పుడు నేను ఎస్సైని. పోయిన వారం పంపుసెట్ల దొంగ ఒకడు నా ఎదుట కూర్చుని, మిగతావాళ్ల పేర్లు చెబితే ఇంటికి పంపిస్తావా అక్కా అని అడిగాడు. అవునంటే అయిపోయేది. నోరు తెరిచాను. "పంపను. అది నా చేతుల్లో లేదు" అనే వచ్చింది. వాడు తల దించేసుకున్నాడు. పక్కనున్న కానిస్టేబుల్ గోడకేసి చూస్తూ గట్టిగా నిట్టూర్చాడు. ఎండ మండిపోతోంది, పేర్లు లేవు, తిరగాల్సిన ఊళ్లు బోలెడు. సన్యాసిరావు సార్‌ను మనసారా తిట్టుకుంటూ టోపీ పెట్టుకుని లేచాను.