పసుపు కింద అమ్మ ముఖం

మా అయ్య నన్ను మేకల వెనక పంపాడు గానీ బడికి పంపలేదు. యాభై దాటాక మహిళా సంఘం గదిలో అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే ఇన్నాళ్లూ చేసిన ప్రయాణాలేవీ రాయలేకపోయాను. ఇదే మొదటిది. పాత ఫొటోలు బాగుచేయించుకునే వాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

అమ్మ వెండి కడియాలున్న రేకుపెట్టెలో ఒక ఫొటో ఉంది. అయ్య, అమ్మ, అమ్మ ఒడిలో పసిబిడ్డ. ఆ బిడ్డ, నాకన్నా ముందు పుట్టి పసితనంలోనే పోయిన బుద్రి అని అయ్య పోయాక చిన్నాన్న చెప్పేవాడు. ఏటా పెద్దల పండగకి పోయినవాళ్లకి బువ్వ పెట్టి, ఫొటోలో ముగ్గురికీ పసుపు బొట్లు పెడతాం. అద్దం ఎప్పుడో పగిలింది కాబట్టి బొట్టు నేరుగా కాగితం మీదే. నేను ఒళ్లో బిడ్డగా ఉండగానే అమ్మ పోయింది. నాకు ఊహ తెలిసేసరికే ఫొటోలో ఆమె ముఖం పసుపు ముద్ద. అమ్మ ఎలా ఉండేదో ఒక్కసారి చూడాలని నా కోరిక.

చిన్నాన్న కూతురు సోమారి నాకు అక్క, అప్ప అని పిలుస్తాను. తనకి ఈ పని ఇష్టం లేదు. "పెద్దల బొట్టు తుడిపించేత్తావేటే? నానూ వత్తాను. ఎవుడు సెయ్యేత్తాడో సూత్తాను" అని బయల్దేరింది.

ఉదయం ఆరున్నరకి ముంచింగిపుట్టులో జీపెక్కాం. సంత రోజు, బస్తాల మీదే కూర్చున్నాం. తువ్వాలులో చుట్టిన ఫొటో నా ఒడిలో ఉంది.

"ఏటమ్మా, గుంటనెత్తుకున్నట్టు ఎత్తుకున్నావు?" అంది చింతపండు బుట్టతో ఉన్న ముసలమ్మ.

"మాయమ్మ" అన్నాను. ఆమె బుట్ట జరిపి చోటిచ్చింది.

డుంబ్రిగుడలో దిగి ఇడ్లీ తిన్నాం. చట్నీ బాగుంది, టీ బాగాలేదు. పదిన్నరకి అరకు చేరాం.

బజారులోని స్టూడియో ఆయన ఫొటో చూడగానే "తడిగుడ్డ తగిలించారా?" అన్నాడు. లేదన్నాను. "బతికించారు. తుడిస్తే పసుపుతోపాటు ముకం కూడా వచ్చేస్తాది."

అసలు ఫొటోని తుడవనని, దాన్ని ఫొటో తీసి కంప్యూటర్లో పసుపు రంగు ఒక్కటే తగ్గిస్తానని చెప్పాడు. "అయితే బొట్టు బొట్టుగానే ఉంటాదా?" అని అప్ప మూడుసార్లు అడిగింది. మూడోసారికి ఆయన ఒట్టేశాడు.

ఫ్రేము మేకులు తీసి వెనక అట్ట ఎత్తాడు. ఫొటో వెనక పెన్సిలు రాత! చదవమంటారా అన్నాడు.

"వద్దు బాబూ, నాను సదువుతాను."

వేలు పెట్టబోతే ముట్టుకోవద్దన్నాడు. గాల్లోనే వేలు కదుపుతూ చదివాను. అయ్య పేరు. అమ్మ పేరు. తర్వాత, పాప...

"బుద్రే కదా" అంది అప్ప.

"కాదప్పా. సుక్రి."

మాలో పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారు. బుధవారం పుట్టింది బుద్రి, శుక్రవారం పుట్టిన సుక్రిని నేను.

"ఓలమ్మో! బతికున్నదానికి ఇన్నేళ్లూ బొట్టెట్టి బువ్వెట్టేసినామే!"

"ఆ బువ్వ ఎవులు తిన్నారు మరి?"

"ఇంకెవులు, నువ్వే! పూజవ్వగానే మొదటి కంచం నీదే కదే!"

స్టూడియో ఆయన నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడ్డాడు.

గంటన్నర పట్టింది. తెర మీద పసుపు పలచబడుతూ ముందు కన్ను వచ్చింది, తర్వాత ముక్కు, నవ్వు ఆపుకుంటున్న నోరు. గడ్డం దగ్గర మచ్చ పోలేదు. "ఊహించి గీసెయ్యమంటారా?" అన్నాడు. వద్దన్నాను. నాకు కావలసింది అమ్మ, బొమ్మ కాదు.

"సెవులు నీయే" అంది అప్ప మెల్లగా.

నాలుగింటికి తిరుగు జీపు. "ఇది మొన్నటిదాకా సచ్చినోళ్లలో ఉండేది" అని అప్ప ఎక్కినవాళ్లందరికీ చెప్పింది, అందరూ నన్ను తడిమి చూసేవాళ్లే. ఏ ప్రయాణంలోనూ అంతగా నవ్వలేదు. ఊరు దగ్గరపడుతుంటే అప్ప నవ్వు ఆగిపోయింది.

"మరి బుద్రికి ఫొటో లేనట్టేనా? దాని బొట్లన్నీ నువ్వే తీసేసుకున్నావు."



మర్నాడు పొద్దున్నే స్టూడియో ఆయన తీసిచ్చిన కొత్త ఫొటో వెనక ముగ్గురి పేర్లూ పెన్సిలుతో రాశాను. తర్వాత తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో బుద్రి అని రాసి, పాత ఫొటో పక్కన నిలబెట్టాను. అప్ప పసుపు తడిపి తెచ్చింది.

"ఇందులో దాని ముకం ఏదే?"

మొదటి అక్షరం చూపించాను. "దాని మీద కాదప్పా, పైన కాళీలో ఎట్టు. అచ్చరం చెరిగిపోద్ది."

అప్ప జాగ్రత్తగా అక్షరం పైన బొట్టు పెట్టింది.