మూడు వందల ఏడో నంబరు గుమ్మానికి కంప

జూలై రెండో శుక్రవారం. పొద్దున ఆరింటికే ముప్పై ఆరు డిగ్రీలు, ఇసుక గాలి. గడప ఊడ్చాను.

రస్ అల్ ఖైమాలో ఇల్లు అద్దెకు తీసుకుని ఉండాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఆరేళ్లు దుబాయిలో ఏసీలు బాగుచేస్తూ నలుగురితో ఒకే గదిలో ఉన్నాను. జూన్‌లో ఇక్కడి హోటల్లో పని దొరికింది. స్టేషన్ ఘన్‌పూర్‌లో ఉన్న నా భార్య రజిత మూడు నెలల వీసా మీద ఆదివారం వస్తోంది. పెళ్లయ్యాక మేమిద్దరం ఒకే ఇంట్లో నెల రోజులు కలిసి ఉన్నది లేదు. బాల్కనీలోంచి సముద్రం కనిపించే ఇల్లు చూస్తానని మాట ఇచ్చాను.

దుబాయి నుంచి బస్సులో గంటన్నర దూరం, టికెట్టు ముప్పై దిర్హాముల లోపే. విహారానికి వచ్చేవాళ్లంతా చలికాలంలోనే వస్తారు కాబట్టి ఎండాకాలం ఫ్లాట్లు ఖాళీగా ఉంటాయి. సామానుతో సహా ఒక పడగ్గది ఇల్లు నెలకు మూడు వేలకు వచ్చింది. మూడో అంతస్తు, మూడు వందల ఏడు. బాల్కనీ ఎదురుగా సముద్రం, వెనక కిటికీలోంచి ఇసుక దిబ్బలు. నాలుగు అంతస్తుల్లో నా గుమ్మం ముందు తప్ప ఎక్కడా చెప్పులు లేవు. వచ్చి తొమ్మిది రోజులైంది. రోజూ పొద్దున లేచేసరికి వంటగదిలో పొగ లాగే ఫ్యాన్ తిరుగుతూ ఉంటుంది. పడుకునే ముందు ఆపింది నేనే. స్విచ్ విప్పి చూశాను, వైరు చూశాను. లోపం ఏమీ లేదు.

ఇవాళ ఊడుస్తుంటే గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే కాలిపట్టా కింద ముల్లు గుచ్చుకుంది. ఎత్తి చూస్తే ఎండిన ముళ్లకొమ్మ, దానికి నల్ల దారం ముడి. గాలి మూడో అంతస్తుకు ముల్లును తేగలదేమో, ముడి వేయలేదు. మా వైపు చెడ్డ నక్షత్రంలో ఎవరైనా పోతే ఆ ఇంటిని కొన్ని నెలలు పాడుపెడతారు. అందరూ ఇల్లు విడిచి, గుమ్మానికి అడ్డంగా కంప వేస్తారు. ఆ గడప ఎవరూ దాటరు.

ఎనిమిదింటికి కిందికి దిగి యాకయ్యన్నను అడిగాను. ఆయనది మా వైపు గూడూరే, ఈ భవనానికి కాపలా. సెలవు మీద ఊరికి పోయి నిన్ననే వచ్చాడు.

"అన్నా, మూడు వందల ఏడుకు కంప వేసింది నువ్వేనా?"

చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "నేనే. నాలుగుసార్లు ఏసిన. ఊడ్శేటోళ్లు నాలుగుసార్లు తీసిర్రు, పట్టా కింద గా ఒక్క కొమ్మ మిగిలింది. గాళ్లకేమెరుక? మానుకోట దిక్కాయన గా ఇంట్ల ఉండె, హోటల్ల వంట జేశెటోడు. ఏప్రిల్‌ల నిద్రల్నే పాయె. నక్షత్రం మంచిగ లేదు, ఆర్నెల్లు ఇల్లు పాడువెట్టాలన్నడట అయ్యగారు. ఆయన పానం పోయింది గీడ. ఊళ్లె ఇల్లు పాడువెట్టి ఏం లాభం? ఆళ్లవ్వ ఫోన్ల ఏడ్శింది, బిడ్డా, గా ఇంటికి కంపెయ్యి అని. నేను ఊరికి వోంగనే ఆఫీసోళ్లు నీకు తాళమిచ్చిర్రు."

గ్లాసు మళ్లీ తీసుకుని నన్ను చూశాడు.

"పాలన్న పొంగిచ్చినవా తమ్మీ?"

"రజిత వచ్చినంక పొంగిద్దామనుకున్న."

"వారీ! పాలు పొంగియ్యకుంట తొమ్మిది రోజులుంటివా? ఇగ నువ్వు గా ఇంటోనివెట్లయితవ్? ఆయనింటికొచ్చిన చుట్టానివి!" అని నవ్వబోయి ఆగిపోయాడు.

రజితకు చెప్పకుండా ఉండవచ్చు. మిగతావి యజమానులు చలికాలానికని తాళం వేసుకున్నవి; అద్దెకిచ్చేవాటిలో సముద్రం ఈ ఒక్క ఇంటికే ఉంది. అద్దెకిచ్చే ఇంకో ఇల్లు నూట రెండు, కింది అంతస్తు, ఎదురుగా కార్లు పెట్టే చోటు. అయినా ఫోన్ చేశాను. ఆమె పుట్టిల్లు మానుకోట పక్కనే, కురవి. మొత్తం విన్నది.

"సముద్రానికేంది, నడ్శిపోయి సూద్దాం. నువ్వు జర పోయేటప్పుడు ఆయనకు చెప్పి పో. తొమ్మిది రోజులు ఆయనింట్లుంటివి."

ఏజెంటు మధ్యాహ్నం రెండింటికి ఒప్పందం మార్చాడు, బదిలీకి రెండు వందలు తీసుకున్నాడు. సామాను దించాక వంటగదిలో ఫ్యాన్ ఆపి, "అన్నా, నేను కింద నూట రెండుల ఉంటున్న" అన్నాను. ఎవరికి చెప్పానో, ఎందుకు ఇంటి నంబరుతో సహా చెప్పానో తెలియదు. తాళం వేసి, యాకయ్యన్న తెచ్చిన కంపను ఈసారి ఏసీ రాగితీగతో కట్టాను.

అద్దె ఇల్లంటే గోడలకే అద్దె కడుతున్నామనుకుంటాం. మనకు ముందు అక్కడ ఒకరు వండుకున్నారు, పడుకున్నారు. ఈ ఊళ్లో వాళ్ల గుర్తులన్నిటినీ ఇసుక, ఊడ్చేవాళ్లు కలిసి రోజూ తుడిచేస్తారు. మీకు చెప్పగలిగింది ఒకటే. ఎండాకాలం ఇల్లు చౌకగా దొరికితే సంతకం పెట్టే ముందు కాలిపట్టా ఎత్తి చూడండి, ఏజెంటును కాక కాపలా మనిషిని అడగండి.

ఇప్పుడు ఐదున్నర. నూట రెండులో కూర్చుని ఇది రాస్తున్నాను. యాకయ్యన్న మాట విని, రజిత వచ్చేదాకా ఆగకుండా పాలు పొయ్యి మీద పెట్టాను. పొంగగానే సమయం ఇక్కడ రాయాలి. పాలింకా పొంగలేదు, అప్పుడే వంటగదిలో ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు. ఈ ఇంట్లో దాని స్విచ్ ఎక్కడుందో నేనింకా చూడలేదు. పాలు