సోఫా చేతి మీద కుదిరిన జీను

గుర్రం మీద నుంచి పడినవాళ్లు లోకంలో చాలామంది ఉంటారు. నేను వాళ్లలో చేరను. పడకుండానే, రికాబులోంచి కాలు తీయకుండానే గుర్రం పొట్ట కిందికి చేరిన మనిషిని నేను. అదీ ఆయుధపూజ నాడు, తలంటుకుని, కొత్త చుడీదారు వేసుకుని, ఇంటిల్లిపాదీ హారతి పళ్లెంతో చూస్తుండగా. ఎలాగో చెబుతాను. నవ్వడానికి మొహమాటపడకండి. మా ఇంట్లో ఇంకా ఆపలేదు.

కారమడై దగ్గర మా చిన్నాయనకు కొబ్బరితోట ఉంది. పంపుసెట్ల వర్క్‌షాపు నడుపుకునే ఆయన ఒకరోజు ఉన్నట్టుండి వాడిపట్టి నుంచి లారీలో ఒక తెల్ల గుర్రాన్ని తెచ్చి దించాడు. పేరు మల్లి. పెళ్లికొడుకులను ఊరేగించి ఊరేగించి వయసు మళ్లిన గుర్రం. సాయంత్రాలు కొండవార బాటలో నిమ్మళంగా సవారీ చేస్తానన్నాడు. ఒక్కసారి ఎక్కాడు. నడుం పట్టేసింది. సవారీ ముచ్చట అక్కడితో తీరింది.

చిన్నమ్మ ఊరుకుంటుందా?

"పాలిస్తాదా, దున్నుతాదా? ఎవురూ ఎక్కని గుర్రం మనకేంటికి?" అంది. "ఆయుధపూజనాడు ఎవురైనా ఎక్కి కొండదాక పొయ్యి రాండి. లేకుంటే అది మళ్లీ వాడిపట్టికే పోతాది, ఆమా!"

మల్లి పోతే నష్టం నాకే. మా ఇంట్లో అందరూ తెలుగు మాట్లాడతారు, కానీ బడిలో చదివింది తమిళం కనుక, తెలుగు చదివేది మాత్రం నేనొక్కదాన్నే. పైకి చదివితే "రేడియో పెట్టినారా?" అని నవ్వుతారు. అందుకని ఆదివారాలు తోటకు వెళ్లి మల్లికి చదివి వినిపించేదాన్ని. నవ్వేది కాదు. నచ్చని చోట చెవులు వెనక్కి పెట్టేది, అంతే. అలాంటి శ్రోత మళ్లీ ఎక్కడ దొరుకుతుంది?

"నేను ఎక్కుతా" అన్నాను. మాట్లాడింది ఎవరా అని అందరూ వెనక్కి తిరిగి చూశారు.

మల్లితో వచ్చిన జీను ఉంది కానీ, అది జరీ కుచ్చులతో, అద్దాలతో, చెక్కలా గట్టిగా ఉంది. కాసేపట్లో దిగిపోయే పెళ్లికొడుక్కి సరిపోతుందేమో, కొండదాకా పోయేవాళ్లకు కాదు. ఇక జీనుల గురించి చదవడం మొదలుపెట్టాను. జీనులో కూర్చునే చోటు వెడల్పుగా ఉండాలట, రికాబు పట్టీ తొడకు ఒరుసుకోకూడదట. అన్నీ డైరీలో ఎక్కించాను. 'గుర్రం వీపు కొలవడం' అనే భాగం కూడా ఒకటి కనిపించింది. తర్వాత చదువుదామనుకున్నాను. ఈ 'తర్వాత'ను కాస్త గుర్తుంచుకోండి.

పట్నంలోని ఆర్.ఎస్. పురంలో సవారీ సామాన్లు అమ్మే అంగడికి చిన్నాయన, నేను వెళ్లాం. అంగడాయన నన్నే అడిగాడు.

"మేడం, కుదిరై ముదుగు ఎప్పిడింగ ఇరుక్కుం?"

గుర్రం వీపు ఎలా ఉంటుందని. కొత్తవాళ్లు నేరుగా ప్రశ్న అడిగితే నాకు చెమటలు పడతాయి. ఎలాగైనా ఆ సంభాషణ ముగించాలని, చుడీదారు సైజు చెప్పినట్టు "మీడియం" అనేశాను. తర్వాత ఒక్కో జీనునూ బొటనవేలితో నొక్కి చూసి, బూరుగుదూది దిండులా దిగిపోయినదాన్ని ఎంచుకున్నాను.

ఇంటికి తెచ్చి సోఫా చేతి మీద వేశాం. అచ్చు కొలిచి కుట్టినట్టు కుదిరింది! ముందు అవ్వ కూర్చుంది.

"అబ్బ, ఏం సుకంగా ఉండాది కణ్ణూ! దీన్ని పొయ్యి గుర్రానికి వేస్తారా?"

"దిగమ్మా, నేనొకసారి చూస్తా" అని చిన్నాయన ఎక్కి సోఫాను కొండదాకా పరిగెత్తించాడు. చిన్నమ్మ కూడా "ఊరికే చూస్తా" అని కూర్చుని, కాఫీ అక్కడికే తెప్పించుకుంది. ఇంత ఏకాభిప్రాయం మా ఇంట్లో ఏ పెళ్లికీ కుదరలేదు.

ఆయుధపూజ నాడు పంపులకు, ట్రాక్టరుకు పెట్టినట్టే మల్లి నుదుటా గంధం, కుంకుమ పెట్టారు. నేను ఎక్కాను. సింహాసనం! చిన్నమ్మ, బండి చక్రాల కింద పెట్టినట్టే, మల్లి ముందరికాళ్ల దగ్గర రెండు నిమ్మకాయలు పెట్టింది.

"తొక్కించు కణ్ణూ, దిష్టి పోవాల."

"ఇది వండి కాదే, గుర్రం" అన్నాడు చిన్నాయన.

"ఎక్కి పోయేదంతా వండినే! తొక్కించు!"

మల్లి తొక్కలేదు. వంగి వాసన చూసి, ఒక నిమ్మకాయను నోట్లో వేసుకుంది. దాన్ని ఆపుదామని నేను కళ్లెం పట్టుకుని పక్కకు వంగాను. జీను కూడా నాతోపాటే వంగింది. ఏ తొందరా లేకుండా, గోడ మీది పటం పక్కకు ఒరిగినట్టు ఒరిగి, గుండ్రంగా తిరిగి, నన్ను పొట్ట కిందికి తీసుకెళ్లింది. అవ్వ "ఐయో, పిల్ల యాడికి పాయె?" అని అటువైపు వెళ్లి వెతికింది.

అలా కిందికి ఒరిగేటప్పుడే, జీను జారి బయటపడ్డ మల్లి వీపును మొదటిసారి సరిగ్గా చూశాను. మెడ దిగే చోట సన్నగా, కత్తిలా లేచిన ఎముక. అక్కడ పాత ఒరుపుల మచ్చలు. పల్లంగా దిగిపోయిన పక్కలు. ఈ వీపు మీద సోఫాకు సరిపడే జీను నిలుస్తుందా? నోరు విప్పనివాళ్లను ఏదీ ఎవరూ అడగరని డైరీలో పేజీలకు పేజీలు రాసుకున్నదాన్ని నేను. అవ్వను అడిగాను, చిన్నాయనను అడిగాను, సోఫాను కూడా అడిగినట్టే. మోసేదాన్ని మాత్రం అడగలేదు.

మల్లి ఒక్క అడుగు కదల్లేదు. పులుపుకు పై పెదవి ఎత్తి పళ్లన్నీ బయటపెట్టి, నా కాలు విడిపించేదాకా రాయిలా నిలబడింది.

వాడిపట్టి ఖాయమనుకుని లేచాను. దుమ్ము దులుపుతూ చిన్నమ్మ అంది: "వేరే గుర్రమయితే ఈ పాటికి తొక్కేసుండు. ఎంతమంది పెండ్లికొడుకులు జారినారో పాపం, దానికి అలవాటు. ఈడనే ఉండనీ దాన్ని." తర్వాత నా వైపు తిరిగి, "నిన్నే ఎక్కడికైనా పంపాల" అంది.

మర్నాడు చిన్నాయన మోటార్లు చుట్టే తీగ తెచ్చి మల్లి వీపు మీద వంచాడు. ఆ వంపు చెదరకుండా ఒళ్లో పెట్టుకుని అంగడికి వెళ్లి, "మీడియం కాదండి, ఇదిగో" అన్నాను. కొత్త జీను నాకు కొంచెం గట్టిగానే ఉంటుంది. మల్లి మాత్రం చెవులు ముందుకు పెట్టి కొండదాకా నడుస్తుంది. పాతది సోఫా మీదే ఉంది. తిరిగి ఇచ్చేద్దామంటే అవ్వ దిగడం లేదు.

కనుక ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: మోసేవాళ్ల వీపు చూడకుండా ఇకపై జీను కాదు కదా, దిండు గలీబు కూడా కొనను. ఆయుధపూజ నిమ్మకాయ సాక్షి. అయితే ఆ సాక్షిని మల్లి ఎప్పుడో నమిలి మింగేసింది.