నాయన గొంతు ఉన్న డిస్కు

మా ఇంట్లో కంప్యూటర్ టిక్కు టిక్కుమనడం మొదలుపెట్టిన వారం నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నేను బంగారుపేట బడిలో పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని. ఒక ప్రశ్నకు ఒకే జవాబు ఉండాలనుకునే మనిషిని. ఆ పెట్టె మాత్రం పొద్దున ఒకటి చెప్పేది, సాయంత్రం ఇంకొకటి చెప్పేది. ఒకసారి స్విచ్ వేస్తే బుద్ధిగా తెరుచుకునేది. ఇంకోసారి నల్లటి తెర మీద డిస్కు కనబడటం లేదని రాసి, తప్పంతా నాదే అన్నట్టు ఊరుకునేది.

పోతే పోయింది, కొత్తది కొందాం అనుకోవడానికి లేదు. అందులో మా నాయన గొంతు ఉంది. ఆయన గొంతులో పుండు లేచినప్పుడు, స్వరపేటిక తీసేయాలని, ఆ తర్వాత మాట రాదని డాక్టర్లు చెప్పారు. ఆపరేషన్‌కు ముందు వారమంతా ఆయన్ని కూర్చోబెట్టి, బంగారు గనిలో చేసిన పని గురించి చెప్పించి ఫోన్‌లో రికార్డు చేశాను. మొత్తం తొమ్మిది. అవి కంప్యూటర్లోకి ఎక్కించాక ఫోను పాడైంది. పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ ఉంది కదా అని నేను ఏడాదిగా ధీమాగా ఉన్నాను. తీరా తీసి చూస్తే అందులో ఉన్నవి రికార్డింగులు కావు, కంప్యూటర్లో అవి ఎక్కడున్నాయో చూపించే షార్ట్‌కట్లు. తొమ్మిది పేర్లూ ఉన్నాయి, మాట ఒక్కటీ లేదు. లెక్కల టీచరమ్మ తెలివి అలా ఏడ్చింది!

రాబర్ట్‌సన్‌పేటలో కంప్యూటర్లు బాగుచేసే ఆయనకు ఫోన్ చేశాను.

"కేబుల్ లూజయి ఉంటాది మేడమ్. తీసి మళ్లా గట్టిగా పెట్టండి" అన్నాడు.

పెట్టాను. రెండు రోజులు చప్పుడు లేదు. డిస్కు ఆరోగ్యం చూసే ప్రోగ్రామ్ ఒకటుంటే అది కూడా నడిపాను. అంతా బాగుందని ఆకుపచ్చరంగులో చూపించింది. నేను సంతోషపడిన మరుసటి రోజే మళ్లీ టిక్కు టిక్కు. మళ్లీ అదే ప్రోగ్రామ్ నడిపితే ఈసారి జాగ్రత్త అంటూ పసుపురంగు.

"అట్లయితే పవర్ సప్లై అయి ఉండచ్చు. లేదంటే డిస్కే పోతా ఉండచ్చు" అన్నాడాయన.

వైరు, కరెంటు, డిస్కు, అన్నీ ఆయనే చెప్పేశాక నేను కొత్తగా కనుక్కోవడానికి ఏం మిగిలింది? నాకు ఒళ్లు మండింది. అమ్మ వంటింట్లోంచే తన అభిప్రాయం చెప్పింది.

"దాంట్లో బల్లి దూరిందేమో చూడు. యాడ సందుంటే ఆడ దూరతాయి."

ఆదివారం పొద్దున కంప్యూటర్ ఒక్క దెబ్బకు తెరుచుకుంది. ఆలస్యం చేయకుండా రికార్డింగులను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ పెట్టాను. ఇంకా నాలుగు నిమిషాలు అంది. తర్వాత రెండు గంటలు అంది. ఆ తర్వాత ఆరు నిమిషాలు. దాన్ని నమ్మాలో, తిట్టాలో తెలియలేదు. చప్పుడు మాత్రం పెరుగుతూ వచ్చింది.

అప్పుడు నాయన పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసుకుని వచ్చాడు. పెట్టె పక్క మూత నేను ముందే విప్పి ఉంచాను. ఆయన కింద కూర్చుని, స్క్రూడ్రైవర్ మొన డిస్కు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. గనిలో ఆయన పని అదే. పైకప్పు రాయిని ఇనుపకడ్డీతో తట్టి, చప్పుడును బట్టి అది గట్టిదో, విడిపోతున్నదో చెప్పేవాడు. కళ్లు మూసుకుని కొంచెంసేపు విన్నాడు. ఉన్నట్టుండి లేచి, గోడ దగ్గరకు వెళ్లి ప్లగ్గు పీకేశాడు.

నా నోట పాడు మాటే వచ్చింది.

"ఏం చేసినావు నాయనా! సగం గూడా కాలేదు. నీ గొంతు నువ్వే తీసేసినావు గదా!"

అన్నాక గానీ ఏమన్నానో తెలియలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన కోపగించుకోలేదు. ఎప్పుడూ జేబులో ఉండే నోటుబుక్కు తీసి రాసి చూపించాడు.

"రాయి మాట్లాడినప్పుడు లోపల ఉండకూడదు. ఎంతమంది బయటికి వచ్చినారో లెక్క పెట్టు."

బడి ల్యాప్‌టాప్‌లో పెన్‌డ్రైవ్ పెట్టి లెక్క పెట్టాను. మూడు వచ్చాయి. నాలుగోది తెరుచుకోలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు స్విచ్ వేసినా కంప్యూటర్ ఆ డిస్కును గుర్తుపట్టలేదు.

మర్నాడు దాన్ని రాబర్ట్‌సన్‌పేటకు తీసుకెళ్తే ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కరెంట్ పీకకుండా ఉండింటే మిగతావీ వచ్చేవేమో మేడమ్. ఇంగ నడిపించి ఉంటే లోపల గీతలు పడి పూరా పోయేదేమో. బెంగళూరులో ల్యాబుకిచ్చి చూడండి. దొరికితే దొరకొచ్చు."

నాయన చేసింది తప్పో ఒప్పో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగిన వాళ్లందరూ రెండూ చెప్పారు.

ఇంటికి వచ్చి, ఉన్న మూడైనా సరిగ్గా ఉన్నాయో లేదో చూద్దామని రెండోది పెట్టాను. నాయన పక్కనే కుర్చీలో కూర్చుని తన గొంతు తాను విన్నాడు. ఆపరేషన్ తర్వాత వినడం అదే మొదటిసారి. మొదటి రోజు గనిలోకి దిగినప్పుడు ఎంత భయపడ్డాడో చెబుతూ చెబుతూ, ల్యాప్‌టాప్‌లోని నాయన మధ్యలో ఆపి గట్టిగా కేకేశాడు.

"ఏమే, కాఫీ తెస్తావా లేదా? గొంతెండిపోతా ఉండాది!"

"తెస్తా ఉండా, అరవద్దు!" వంటింట్లోంచి అమ్మ బదులిచ్చింది.

నేను ఆపేలోగా గ్లాసుతో గడప దగ్గరకు వచ్చేసింది. కుర్చీలో నాయన నోరు మూసుకునే ఉన్నాడు. మాట మాత్రం సాగుతూనే ఉంది. అమ్మ ఆయన్ని చూసింది, ల్యాప్‌టాప్‌ను చూసింది, కాఫీ ఎవరికివ్వాలో తెలియనట్టు అక్కడే నిలబడింది. నాయన రెండు చేతులూ చాచి గ్లాసు అందుకున్నాడు.

అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని నా పక్కన కూర్చుంది.

"ఇంగొక తూరి పిలిపించమ్మా" అంది.