చినతాత కోసం మలేషియా ప్రయాణం

డెబ్బై దాటాక పాస్‌పోర్టు తీయించుకున్నవాణ్ణి మా వీధిలో నేనొక్కణ్ణే. అందులో ఫొటో పట్టుబడిన దొంగలా ఉందని మా ఆవిడ అభిప్రాయం. ఆ గొడవ అలా ఉంచండి. మా తాత తమ్ముడు కుర్రతనంలో మలయా రబ్బరు తోటలకు పోయి మళ్ళీ రాలేదని ఇంట్లో చెప్పుకునేవారు. అక్కడికి వెళ్ళి ఆయన మనవల్ని వెతకాలని నా కోరిక. ఆనవాళ్ళేమైనా చెబుతుందని ఈ రోజు అద్దంకిలో మా మేనత్త దగ్గరికి వెళ్ళాను. ఆవిడ వసారాలో కూర్చుని మిరపకాయల తొడిమలు తుంచుతోంది. దగ్గు ఆపుకుంటూ సంగతి చెప్పాను.

"రాలేదని ఎవడు చెప్పాడ్రా? వచ్చాడు," అంది.

"ఎప్పుడత్తా?"

"నా చిన్నప్పుడు. పన్నెండేళ్ళు కబురు లేదని మా నాన్న అప్పటికే దర్భలతో బొమ్మ చేసి తగలబెట్టి, కర్మ చేసేశాడు. కర్మ అయిపోయినోణ్ణి గడప ఎట్టా తొక్కనిస్తారు? మా అమ్మ అరుగు మీదే విస్తరేసింది. తిన్నాడు, విస్తరి తనే ఎత్తి పారేశాడు, పోయాడు."

"ఏమీ అనలేదా?"

"పప్పు బాగుంది వదినా, అన్నాడు."

అత్త మళ్ళీ తొడిమల్లో పడింది.

టికెట్టు ఇంకా కొనలేదు. ఆయన ఈ సంగతి తన పిల్లలకు చెప్పే ఉంటాడు. ఫలానా అన్నగారి మనవణ్ణని నేను వెళ్ళి తలుపు తడితే, వాళ్ళు మర్యాదగా లోపలికి రమ్మంటారేమోనన్నదే నా భయం. మీరైతే వెళతారా?