జూన్ సూర్యుడికి పెట్టిన గుమ్మం

మూడేళ్ళ కిందట, జూన్ ఇరవై ఒకటిన, ఉదయం ఐదూ నలభై ఏడుకి మొదలైంది ఆ గోల. ఇవాళ, సెప్టెంబరు ఇరవై మూడున, దిల్‌సుఖ్‌నగర్‌లోని మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో కింది ఫ్లాటాయన "ఈ రోజు పగలూ రాత్రీ సమానం, కోడిగుడ్డు నిటారుగా నిలబడుతుంది" అని పంపితే మళ్ళీ గుర్తొచ్చింది. గుడ్డుకి తారీఖులు తెలియవు. ఓపికుంటే ఏ రోజైనా నిలబడుతుంది. ఆ ఓపికే ఉంటే ఆయన తను పంపేది ఒకసారి చదువుకునేవాడు.

ఎల్‌బీ నగర్‌లో పార్కుకి ఎదురుగా మా మరిది ఇల్లు. అది కట్టేటప్పుడు పునాదికి ముగ్గు పోయించింది మా ఆయన. పగలూ రాత్రీ సమానమయ్యే సెప్టెంబరు విషువత్తు నాడు తెల్లవారగానే కర్ర పాతి, సూర్యుడు పైకి రాగానే దాని నీడ వెంట తాడు లాగి, ఆ గీతకే ఇంటి గుమ్మం నిలబెట్టించారు. ఎందుకని మరిది అడిగితే నిమ్మకాయకి చీపురుపుల్ల గుచ్చి, కాస్త వంచి పట్టుకుని, దీపం చుట్టూ తిప్పి చూపించారు. భూమి అలాగే వాలి తిరుగుతుంది. ఆరు నెలలు ఉత్తరపు కొన సూర్యుడి వైపు వంగి ఉంటుంది, ఆరు నెలలు దక్షిణపు కొన. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారేటప్పుడు ఏడాదికి రెండుసార్లు మాత్రం ఏ కొనా అటు వంగదు. అప్పుడే సూర్యుడు సరిగ్గా తూర్పున లేస్తాడు. మిగతా రోజులన్నీ ఇటో అటో జరిగే ఉంటాడు. మరిది తల ఊపాడు. తల ఊపడం వాడికి చిన్నప్పటినుంచీ బాగా వచ్చిన విద్య.

ఆయన పోయాక కూడా నేను మార్చిలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి, ముందురోజు సాయంత్రమే మెట్రో ఎక్కి వెళ్ళి ఆ హాల్లో పడుకునేదాన్ని. పొద్దున ఎండ గుమ్మంలోంచి తిన్నగా హాలు దాటి వెనక గోడ మీది ఆయన ఫొటోని తాకేది. ఆ కాసేపూ చూసి, కాఫీ తాగి వచ్చేదాన్ని.

పైవాటాలో అద్దెకి దిగినవాళ్ళు వరసగా రెండుసార్లు ఖాళీ చేసేసరికి మరిది ఒక వాస్తు మనిషిని పిలిచాడు. తోడికోడలికి మోకాళ్ళ నొప్పులని నేనప్పుడు అక్కడే ఉన్నాను. ఎడమ చేతికి ఐదు ఉంగరాలు పెట్టుకున్న ఆ మహానుభావుడు గుమ్మంలో నిలబడి సూర్యోదయం చూశాడు.

"చూడుండ్రి సార్, సూర్యుడు గాడ లేస్తుండు, మీ గుమ్మం గీడ చూస్తుంది. లక్ష్మి ఎట్ల ఒస్తది?"

"జూన్‌లో అక్కడే లేస్తాడు. మన ఊళ్ళో ఇరవై నాలుగున్నర డిగ్రీలు ఉత్తరానికి. సెప్టెంబరు దాకా ఆగండి" అన్నాను.

"సూర్యుడు తూర్పున లేస్తడని చిన్నపోరగాండ్లకు గూడ ఎర్కేనమ్మా."

మరిది నవ్వాడు. "అన్నయ్యది థియరీ వదినా. ఈయనది ప్రాక్టికల్."

వారంలో ప్రాక్టికల్ పూర్తయింది. గుమ్మం పీకి పాత కలప కొట్టుకి అమ్మారు. ఆ ఖాళీని ఇటుకలతో మూశారు. ఈశాన్యం మూల గోడ కొట్టి, అడ్డంగా ఉందని అక్కడి నందివర్ధనం చెట్టు కూడా నరికి, జూన్ సూర్యుడికి ఎదురుగా ఐమూలగా కొత్త గుమ్మం పెట్టారు.

సెప్టెంబరులో వెళ్ళాను. ఎండ వచ్చి మూసిన గోడకి బయట కొట్టింది. కొత్త గుమ్మానికి ఎదురుగా సూర్యుడు లేడు. లోపల ట్యూబులైటు వేసుకుని కూర్చున్నాం. మరిది కంగారుగా ఉంగరాలాయనకి ఫోను చేశాడు.

"గ్రహస్థితి మారింది సార్. సూర్యుడు జర దక్షిణానికి జరిగిండు. గుమ్మం మల్ల జరపాలె."

"ఈసారి ఏ నెల సూర్యుడికి పెట్టిస్తావు?" అని మరిదిని అడిగాను.

"పోనీలే అక్కా, పైవాటాలోకి మనుషులైతే వచ్చారు కదా" అంది తోడికోడలు. వచ్చారు, కోచింగ్ పిల్లలు. కోచింగులు మొదలయ్యాక ఈ చుట్టుపక్కల ఖాళీగా ఉండే వాటా ఏది?

ఆ తర్వాత నేను వెళ్ళలేదు. సూర్యుడు మాత్రం మానడు. ఇవాళ కూడా వేళకి వచ్చి ఆ గోడ దగ్గర ఆగిపోయి ఉంటాడు. పోయినవి: టేకు గుమ్మం ఒకటి, నందివర్ధనం చెట్టు ఒకటి, ఏడాదికి రెండు ఉదయాలు.